డెవలపర్ దూరదృష్టి అనే వాదం: ఉద్దానం తీరం నుంచి ఒక ఖండన

కోట్లకు పడగలెత్తిన స్థిరాస్తి వ్యాపారి జీవితాన్ని నేటి తెలుగు సమాజం ఒక ఘనచరిత్రగా చదువుకుంటోంది. చిన్న ఊళ్లో పుట్టి, చిన్న కాంట్రాక్టుతో మొదలుపెట్టి, ఇతరులకు బీడుగా కనిపించిన నేలలో రేపటి నగరాన్ని ముందే చూసి, అప్పు చేసి సాహసించి, చివరికి వేల ఎకరాలకు అధిపతి అయ్యాడన్న కథనం పత్రికల ప్రత్యేక సంచికల్లోనూ, కళాశాలల వార్షికోత్సవ ప్రసంగాల్లోనూ, రాజకీయ నాయకుల నోటా ఒకే మూసలో వినిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, అంటే పలాస, టెక్కలి పట్టణాలలోనూ, ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం వెంట పరచుకున్న ఉద్దానం తోటల సీమలోనూ, ఈ కథనానికి మరో వాదం తోడయింది. పెద్ద పెట్టుబడిదారులు రాకపోవడం వల్లే ఈ ప్రాంతం వెనకబడిందనీ, వచ్చినవారిని సోంపేట, కాకరాపల్లి థర్మల్ విద్యుత్ వ్యతిరేక ఉద్యమాలు వెళ్లగొట్టాయనీ, ఇప్పుడైనా రేవు పేరుతోనో విమానాశ్రయం పేరుతోనో డెవలపర్లు వస్తే నేలకు విలువ, జనానికి బతుకు దొరుకుతాయనీ చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు.

ఈ అభిప్రాయం పునాదిలోనే తప్పు. డెవలపర్ సంపదలో అధిక భాగం ప్రభుత్వ దస్త్రాల్లో ఆ నేలకు మారిన పేరు నుంచీ, ప్రజల డబ్బుతో దాని పక్కన పడిన రోడ్డు, రేవు, నీటి గొట్టాల నుంచీ పుడుతుంది. అతని దూరదృష్టిగా కీర్తి పొందేది చాలా సందర్భాల్లో ప్రభుత్వ నిర్ణయం ఎటు వెళుతుందో ఇతరులకంటే ముందు తెలుసుకోగలిగిన స్థానబలం మాత్రమే. అతడు బీడు అన్న నేల బీడు కానే కాదని సోంపేట రైతులు, మత్స్యకారులు తమ ప్రాణాలు ఒడ్డి రుజువు చేశారు.

డెవలపర్ చేసే పని ఏమిటో ముందుగా స్పష్టం చేసుకోవాలి. వేర్వేరు రైతుల చేతుల్లో చెల్లాచెదురుగా ఉన్న కమతాలను అగ్రిమెంట్ల ద్వారా ఒక్కచోటికి చేర్చడం, వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించడం (2006 నాటి చట్టం కింద జరిగిన ఈ మార్పిడినే జనం ‘నాలా’ అంటూ వచ్చారు), లేఅవుటుకు అనుమతి తేవడం, రోడ్లు వేసి రాళ్లు పాతి ప్లాట్లుగా అమ్మడం అందులో ముఖ్యమైనవి. ఇందులో నిజమైన శ్రమ ఉంది. పదుల సంఖ్యలో వాటాదారుల సంతకాలు సేకరించడం, సరిహద్దు తగాదాలు తీర్చడం, మురుగు కాలువలు తవ్వించడం తేలిక పనులు కావు, ఆ శ్రమకు ప్రతిఫలం దక్కడం న్యాయమే. అయితే ఎకరాల లెక్కన కొన్న నేల గజాల లెక్కన అమ్ముడుపోయేసరికి పెరిగిన విలువలో ఈ శ్రమకు చెందే వాటా ఎంత, శ్రమతో సంబంధం లేని వాటా ఎంత అన్న ప్రశ్న వేసుకోకుండా అతని జీవితాన్ని ఆదర్శంగా నిలబెట్టడం లెక్క చూడకుండా పద్దు మూయడమే అవుతుంది.

టెక్కలి దగ్గర ఒక మెట్ట పొలం ధర పెరిగిందంటే దానికి కారణాలు బయటికి కనిపించేవే. ఆ పొలం పక్కగా 16వ నంబరు జాతీయ రహదారి వెడల్పయింది, హౌరా–చెన్నై రైలు మార్గం మీద పలాస, నౌపడ స్టేషన్లు ఉన్నాయి, దగ్గరలో కళాశాలలూ ఆసుపత్రులూ వచ్చాయి, గల్ఫ్ దేశాల నుంచీ సైన్యం నుంచీ ఇంటికి చేరిన కష్టార్జితం స్థలాల కోసం వెతుక్కుంటోంది. వీటిలో ఏ ఒక్కటీ ఆ పొలాన్ని కొని అట్టిపెట్టుకున్న మనిషి సృష్టించినది కాదు. యజమాని శ్రమతో, పెట్టుబడితో నిమిత్తం లేకుండా సమాజం ఎదుగుదల వల్ల భూమికి చేరే ఈ అదనపు విలువను అర్థశాస్త్రవేత్తలు అనార్జిత వృద్ధి అంటారు. 19వ శతాబ్దంలో జాన్ స్టూవర్ట్ మిల్ దీనిపై పన్ను వేయాలని వాదించాడు. అమెరికాలో హెన్రీ జార్జ్ 1879లో వెలువరించిన ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ గ్రంథం ఈ ప్రశ్ననే కేంద్రంగా చేసుకుంది. వీరిద్దరూ మార్కెట్‌కు శత్రువులు కారు. శ్రమించి సంపాదించినవాడికి ఆ సంపాదన పూర్తిగా దక్కాలంటే, శ్రమించకుండా భూమి మీద వచ్చేది సమాజానికి తిరిగి రావాలన్నదే వారి వాదం.

భారతదేశపు చట్టమే ఈ సత్యాన్ని ఒప్పుకుంది. 2013 భూసేకరణ చట్టంలోని 102వ సెక్షన్, సేకరించిన భూమిని ఏ అభివృద్ధీ చేయకుండా ఐదేళ్లలోపు మరొకరికి అమ్మితే, పెరిగిన విలువలో 40 శాతాన్ని అసలు యజమానులకు పంచాలంటుంది. కేవలం చేతులు మారడం వల్ల వచ్చిన లాభం కొన్నవాడి సొంత ప్రతిభ ఫలమైతే శాసనకర్తలు ఆ నియమాన్ని రాయవలసిన అవసరమే ఉండేది కాదు. అదే చట్టంలోని 26వ సెక్షన్ మరో అసమానతను బయటపెడుతుంది: రైతుకు చెల్లించే పరిహారానికి మూలమైన మార్కెట్ విలువను ప్రధానంగా గడచిన మూడేళ్ల రిజిస్టర్డ్ క్రయపత్రాల సగటు ఆధారంగా లెక్కకడతారు. అంటే రైతుకు ముట్టేది నిన్నటి ధర ఆధారంగానే, అతని చేతి నుంచి తీసుకున్నవాడు రేపటి ధరకు హక్కుదారు అవుతాడు. నిన్నటికీ రేపటికీ మధ్య ఉన్న ఆ తేడాయే చాలామంది డెవలపర్ల జీవితచరిత్రల్లో సాహసం అన్న పేరుతో కనిపిస్తుంది.

సంతబొమ్మాళి మండలం మూలపేట వద్ద 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన గ్రీన్‌ఫీల్డ్ ఓడరేవు, అంటే మునుపు రేవు లేని చోట కొత్తగా కట్టే రేవు, ఈ తేడా ఎలా పుడుతుందో కళ్లముందు చూపుతోంది. సుమారు 4,362 కోట్ల రూపాయల అంచనాతో, తొలిదశలో నాలుగు బెర్తులతో, ఏటా 23.5 మిలియన్ టన్నుల సామర్థ్యంతో రాష్ట్ర మారిటైం బోర్డు ఆధ్వర్యంలో దీన్ని తలపెట్టారు. దీనికోసం ఊరు విడవవలసి వచ్చినవారు మూలపేట, విష్ణుచక్రం గ్రామాల ప్రజలు. రుణభారం మోయవలసినది రాష్ట్ర ప్రజలందరూ. రేవుకు వెళ్లే దారుల వెంట ముందుగా భూములు కొని పెట్టుకున్నవారు రేవు రాళ్లగోడలో ఒక్క రాయి వేయకపోయినా, వారి ఆస్తి విలువ పెరుగుతుంది. ఈ పెరుగుదలను వారి ముందుచూపుకు బహుమతిగా భావించేవారు, ఇల్లు వదిలిన మత్స్యకార కుటుంబానికి అదే పెరుగుదలలో వాటా ఎందుకు లేదో చెప్పలేకపోతున్నారు.

ప్రచారంలో ఉన్న వాదానికి అత్యంత బలమైన జవాబు సోంపేట బీల. తీరం వెంట ఉన్న ఇసుక దిబ్బల వెనుక, లోతట్టు మైదానంలో వాననీరూ వాగునీరూ చేరి ఏడాదిలో ఎక్కువకాలం నిలిచి ఉండే చిత్తడి నేలను ఇక్కడివారు బీల అంటారు. తూర్పు కనుమల్లో మహేంద్రగిరి వైపు నుంచి దిగే నీరు సముద్రంలో కలిసేముందు ఇలాంటి చోట్ల ఆగి, ఇంకి, చుట్టూ ఉన్న బావులకు ఊటగా మారుతుంది. ఎత్తిపోతల పథకాలు ఆ నీటినే తోడి వరిపొలాలకు అందిస్తాయి. నీటిలో చేపలున్నాయి, గట్ల మీద పశువులకు మేత ఉంది, కోసుకోవడానికి జమ్ము ఉంది. ఉప్పునీరు భూగర్భంలోకి చొరబడకుండా ఎదురు నిలబడేది కూడా ఈ మంచినీటి ఒత్తిడే. సముద్రానికి ఇంత దగ్గరగా, ఇసుక నేలలో, కొబ్బరి, జీడి, పనస తోటలు తరతరాలుగా పచ్చగా ఉండడానికి భూమిలోపల నిలిచిన ఈ తీయటి నీరే ఆధారమని అక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఇది పోరంబోకు, అంటే ఎవరి పట్టాకూ చెందని, శిస్తు రాని ప్రభుత్వ భూమి. శిస్తు రాని నేలకు ప్రయోజనం లేదన్న భావన కుంఫిణీ కాలపు లెక్కల నుంచి వచ్చింది. ఆ లెక్కల్లో చేపకూ, మేతకూ, ఊటకూ గడులు లేవు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం ఈ బీలలో దాదాపు 970 ఎకరాలను థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి (ఎన్‌సీసీకి) కేటాయించింది. ఎ.వి.ఎస్.రాజు 1978లో స్థాపించిన ఈ సంస్థ రోడ్లు, భవనాలు, నీటి పథకాల వంటి ప్రభుత్వ కాంట్రాక్టులతో పెరిగి, 2005లో ఎన్‌సీసీ అర్బన్ పేరుతో ఇళ్ల నిర్మాణ వ్యాపారాన్ని విస్తరించి, ఆ తర్వాత విద్యుత్తు వైపు అడుగు వేసింది. నిర్మాణ సంస్థగా దాని నైపుణ్యాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. కాంట్రాక్టరు నుంచి డెవలపర్‌గా, డెవలపర్ నుంచి ప్రాజెక్టు యజమానిగా ఎదిగే ఈ క్రమమే తెలుగునాట గత నాలుగు దశాబ్దాల సంపన్నుల జీవితాలకు ప్రధానమైన దారి గనుక, ఆ దారి ఉద్దానంలో ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడం ముఖ్యం.

1,980 మెగావాట్ల ఆ కేంద్రానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2009 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఆ అనుమతికి ఆధారమైన చిత్రణలో బీల ఒక పనికిరాని నేల. చుట్టుపక్కల గ్రామాల రైతులు, మత్స్యకారులు, సోంపేట పట్టణపు చదువరులు కలిసి పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి, రిలే నిరాహార దీక్షలు సాగిస్తూనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీని ఆశ్రయించారు. పర్యావరణ అనుమతులపై ఫిర్యాదులు విని తీర్పు చెప్పడానికి ఏర్పాటైన ఆ సంస్థ ఆ స్థలం చిత్తడి నేల అని గుర్తించి అనుమతిని రద్దుచేసింది. ఆ ఉత్తర్వు వెలువడిన తేదీ 2010 జూలై 14. అదే రోజు బీల దగ్గర పనులు మొదలుపెట్టడానికి కంపెనీవారు పోలీసు బలగాలతో వచ్చినప్పుడు జరిగిన కాల్పుల్లో ఇద్దరు గ్రామస్థులు మరణించారు. చట్టం ఢిల్లీలో రైతుల పక్షాన తీర్పు చెబుతున్న రోజునే, ఏ నేలను చట్టం కాపాడిందో ఆ నేల మీదే వారి నెత్తురు పారింది. ఈ ఒక్క రోజు చరిత్ర తెలిసినవారెవరూ సోంపేట ఉద్యమాన్ని అభివృద్ధి నిరోధక ఆవేశంగా కొట్టిపారేయకూడదు. శాస్త్రీయ ప్రశ్న వేసి, చట్టబద్ధ వేదికలో గెలిచినవారు ఆ రైతులే. కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్.శర్మ వంటి అనుభవజ్ఞులు ప్రభుత్వానికి రాసిన లేఖల్లో లేవనెత్తిన అభ్యంతరాలు కూడా ఇవే.

పెట్టుబడిని తరిమివేశారన్న నింద విషయంలోనూ వాస్తవం వేరుగా ఉంది. ఎన్‌సీసీ విద్యుత్ ప్రాజెక్టు నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం తీరానికి తరలింది. అక్కడ గాయత్రి సంస్థతో కలిసి 1,320 మెగావాట్ల కేంద్రాన్ని తలపెట్టి, అనంతరం సింగపూరుకు చెందిన సెంబ్‌కార్ప్ సంస్థకు వాటా వదులుకుని బయటపడింది. పెట్టుబడికి ఒక తీరం కాకపోతే మరో తీరం దొరుకుతుంది. బీలకు మరో చోటు లేదు, బీల నీటితో పండే పొలానికీ మరో చోటు లేదు. నష్టపోతే మరో చోటికి వెళ్లగలవాడికీ, వెళ్లలేనివాడికీ మధ్య జరిగే బేరంలో రెండు పక్షాల సాహసాన్నీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

సంతబొమ్మాళి మండలంలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ సంస్థ తలపెట్టిన 2,640 మెగావాట్ల కేంద్రం కథ ఇంతకంటే విషాదకరం. నౌపడ ఉప్పుగల్లీలకు, వలస పక్షులైన పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురానికి సమీపాన ఉన్న కాకరాపల్లి తంపరను, అంటే ఆటుపోట్ల నీరూ వాననీరూ కలిసే పల్లపు చిత్తడిని, పరిశ్రమ స్థలంగా మార్చారు. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన తర్వాతే కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమని ఆదేశించింది. నిర్మాణం సగంలో నిలిచిపోయింది. వరద నీరు పరచుకోవలసిన చోట మట్టి పోసి ఎత్తు చేసిన ఫలితాన్ని వాన పడిన ప్రతిసారీ చుట్టుపక్కల ఊళ్లు అనుభవిస్తున్నాయి. ఈ నేల ముందు బీడు కాదు. ప్రాజెక్టు వచ్చి పోయిన తర్వాత దానిలో కొంత భాగం నిజంగానే బీడయింది.

డెవలపర్ నష్టభయాన్ని భరిస్తాడు గనుక లాభం అతనిదే కావాలన్నది దూరదృష్టి వాదాన్ని నమ్మేవారు తరచూ ఇచ్చే సమర్థన. తెలుగునాట అతిపెద్ద ఉదాహరణను పరిశీలిస్తే ఆ సమర్థన నిలవదు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం మేటాస్ పేరుతో స్థిరాస్తి, నిర్మాణ సంస్థలను నడిపింది. 2008లో హైదరాబాదు మెట్రో రైలు కాంట్రాక్టును దక్కించుకున్న మేటాస్ కూటమి, ప్రభుత్వం నుంచి సాయం తీసుకోవడానికి బదులు తానే ప్రభుత్వానికి ఒప్పంద కాలంలో 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానంది. ప్రపంచంలో పట్టణ రైళ్లు చాలావరకు నష్టాలతోనే నడుస్తుండగా ఇంత డబ్బు టికెట్ల నుంచి ఎలా వస్తుందన్న సందేహానికి సమాధానం ఆ ప్రాజెక్టుతో పాటు వచ్చే 296 ఎకరాల ప్రభుత్వ భూమిలో, మార్గం వెంట ఉన్న స్థలాల్లో ఉంది. ఢిల్లీ మెట్రో నిర్మాత ఇ.శ్రీధరన్ ఆ సెప్టెంబరులోనే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, దీని వెనుక స్థిరాస్తి ఉద్దేశాలున్నాయని హెచ్చరించినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీదే ఆగ్రహించింది. 2008 డిసెంబరు 16న సత్యం వాటాదారుల సొమ్ము 1.6 బిలియన్ డాలర్లతో రెండు మేటాస్ కంపెనీలను కొనాలన్న తీర్మానం, వాటాదారుల తిరుగుబాటుతో గంటల్లోనే వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా రాసిన లేఖతో లెక్కల మోసం బయటపడింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా తేల్చి ఏడేళ్ల శిక్ష విధించగా, పై కోర్టు అప్పీలుపై ఆ శిక్ష అమలును నిలిపివేసింది. ఈ చరిత్రలో నష్టభయాన్ని నిజంగా మోసినవారు వాటాలు కొన్న మధ్యతరగతి కుటుంబాలు, ఉద్యోగ భద్రత పోగొట్టుకున్న వేలాది ఇంజనీర్లు, ముందుగా డబ్బు కట్టి బాచుపల్లిలో ఇళ్ల కోసం ఎదురుచూసిన కొనుగోలుదారులు.

రామలింగరాజును మినహాయింపుగా చూపి, రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావును నిజమైన ఆదర్శంగా చూపేవారు ఉత్తరాంధ్రలో ఎక్కువ. 2022 జిల్లాల పునర్విభజన దాకా రాజాం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది గనుక ఈ అభిమానం సహజం. జనపనార మిల్లుతో మొదలై హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాల దాకా సాగిన ఆయన ప్రస్థానంలో నిర్మాణ సామర్థ్యం నిర్వివాదమైనది. రాజాంలో ఆయన సంస్థలు నెలకొల్పిన ఇంజనీరింగ్ కళాశాల, ఆసుపత్రి జనానికి ఉపయోగపడుతున్నాయి. ఇవన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా భూమి ప్రశ్న అలాగే మిగులుతుంది. ఢిల్లీ విమానాశ్రయంపై కాగ్, అంటే ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ, 2012 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన నివేదికలో, వేల ఎకరాలు ఏడాదికి 100 రూపాయల నామమాత్రపు లీజుకు అందాయనీ, అందులో వాణిజ్య వినియోగానికి వదిలిన సుమారు 240 ఎకరాల నుంచి 58 ఏళ్లలో 1,63,557 కోట్ల రూపాయల రాబడికి అవకాశం ఉందనీ పేర్కొంది. విమానయాన మంత్రిత్వ శాఖ, కంపెనీ ఆ లెక్కకట్టిన పద్ధతిని తప్పుపట్టాయి, ఆదాయంలో 45.99 శాతం ప్రభుత్వ విమానాశ్రయాల సంస్థకే చేరుతున్నదని గుర్తుచేశాయి. అంకె మీద వాదం ఉండవచ్చు. దేశ రాజధానిలో అంత భూమి అందుబాటులోకి రావడం ప్రభుత్వ ఒప్పందం ఫలితమన్న విషయంలో వాదానికి తావు లేదు. జిల్లా యువకులకు ఈ జీవితాన్ని పాఠంగా చెప్పదలచినవారు రన్‌వే నాణ్యతతో పాటు ఒప్పందంలోని భూమి షరతులను కూడా చెప్పాలి.

ఉద్దానం పేదరికం మాటేమిటి, వలసల మాటేమిటి అన్న ప్రశ్న న్యాయమైనది, దానికి సూటిగా సమాధానం చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక ఒక్క రాత్రి నష్టం ఒక తరం చదువుల మీద, పెళ్లిళ్ల మీద పడింది. పలాస చుట్టూ రెండు వందలకు పైగా జీడిపప్పు పరిశ్రమలు ఉన్నా, అవి ఆఫ్రికా దేశాల నుంచి చవకగా దిగే పిక్కలతో నడుస్తుంటే స్థానిక రైతు 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర కోసం ఏటా రోడ్డెక్కవలసి వస్తోంది. మూత్రపిండాల వ్యాధి ఇంటింటినీ కుంగదీసింది. ఈ కష్టాల్లో ఒక్కటి కూడా డెవలపర్ లేకపోవడం వల్ల వచ్చినది కాదు. వీటికి కాస్తో కూస్తో ఊరట ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి: హిరమండలం నుంచి 700 కోట్ల రూపాయలతో తెచ్చిన తాగునీటి పథకం, పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల కిడ్నీ పరిశోధనా ఆసుపత్రి రెండూ ప్రజాధనంతో వచ్చినవే. తోటల పునరుద్ధరణకు దీర్ఘకాలిక రుణం, పిక్కలకు మద్దతు ధర, కొబ్బరిపీచు పరిశ్రమకు ఊతం, నీటికి హామీ ఉంటే ఉద్దానం తన కాళ్ల మీద నిలబడుతుంది. ఈ పనులకు కావలసిన డబ్బు రేవు కోసం వెచ్చిస్తున్న దానిలో కొద్ది భాగమే.

రైతే ఇష్టపడి అమ్ముకుంటుంటే అడ్డుపడే హక్కు ఎవరికన్న వాదానికి కూడా బలం ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ తుపానుకు తోట పోయి, డయాలసిస్‌కు అప్పు చేసి, కొడుకు చదువుకు డబ్బు లేక అమ్మేవాడి సంతకాన్ని స్వేచ్ఛ అనడానికి మనస్సాక్షి ఒప్పుకోదు. పైగా ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా భూములు చేతులు మారకుండా 1977 నుంచి చట్టం ఉన్నా, ఇరవై ఏళ్లు దాటినవాటిని అమ్ముకునే హక్కును 2023 సవరణ ఇచ్చింది. ఆ హక్కు రైతుకు బలమవుతుందా, బలహీనతవుతుందా అన్నది రేవు దారి వెంట ముందుగా అడ్వాన్సులు ఇచ్చి అగ్రిమెంట్లు రాయించుకునేవారి సంఖ్యను బట్టి తేలుతుంది. అదే సమయంలో తమ జీవితకాలపు పొదుపును ఆ ప్లాట్లలో పెట్టే విశ్రాంత సైనికులు, వలస కూలీలు, టీచర్లు కూడా ఈ ధరల ఊహాగానాల్లో నష్టపోయే పక్షమే. ప్రాజెక్టు ఆలస్యమైతే వారి డబ్బు రాళ్లు పాతిన పొలంలోనే చిక్కుకుపోతుంది.

భూమి మీద పుట్టే రాబడిని ఎవరు అనుభవించాలన్న పోరాటం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ వెంటనే ఏప్రిల్ 1న మందస జమీందారీలో, అడవి కలప మీద రైతుల హక్కు కోసం నిలబడిన గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగి, గర్భవతి అయిన సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు అమరులయ్యారు. జమీందారు సాగు చేయకుండానే పంటలో వాటా తీసుకున్నాడు. ఆ హక్కు అతనికి కుంఫిణీ ప్రభుత్వం ఇచ్చిన సనదు వల్ల వచ్చింది. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసినప్పుడు, ప్రభుత్వపు కాగితం నుంచి పుట్టిన సంపదను ప్రభుత్వమే వెనక్కి తీసుకోగలదని ఈ ప్రాంతపు రైతు చూశాడు. ఇప్పుడు అదే మందసలో, పక్కనున్న వజ్రపుకొత్తూరులో కార్గో విమానాశ్రయం కోసం వెయ్యి ఎకరాలకు పైగా సేకరించాలన్న ప్రతిపాదన వచ్చి, తోటల రైతులు దాన్ని ఎదిరిస్తున్నారు. వారిని అజ్ఞానులుగా చిత్రించే ముందు ఆ ఊళ్ల చరిత్ర చదవడం విజ్ఞుల బాధ్యత.

ప్రభుత్వం చేయవలసిన పనుల్లో చట్టంలో ఇప్పటికే మార్గం ఉన్నవి కొన్నైతే, కొత్తగా తేవలసినవి మరికొన్ని. మూలపేట చుట్టూ గత కొన్నేళ్లుగా జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలను గ్రామసచివాలయాల్లో బహిరంగపరచాలి. రేవు వల్ల పెరిగిన భూమి విలువలో వాటాను పన్నుగా వసూలు చేసి నిర్వాసితులకూ, తోటల పునరుద్ధరణకూ కేటాయించాలి. తీరంలో ప్రభుత్వ భూమిని ఏ సంస్థకూ శాశ్వత హక్కుతో అమ్మకుండా కాలపరిమితి ఉన్న లీజుకే ఇవ్వాలి. సేకరించి ఐదేళ్లు వాడకుండా వదిలిన భూమి తిరిగి ఇవ్వాలన్న 101వ సెక్షన్‌ను అమలుచేయాలి. సోంపేట బీలను, కాకరాపల్లి తంపరను 2017 చిత్తడి నేలల నిబంధనల కింద గుర్తించి ప్రకటించాలి. మందస, వజ్రపుకొత్తూరు మండలాల గ్రామసభలు సమ్మతించకముందు ఒక్క సెంటు తోటకు కూడా సేకరణ ప్రకటన వెలువడకూడదు. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం శాసనసభ్యులూ శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడూ ఈ మేరకు రాతపూర్వకమైన హామీని ఆ గ్రామసభల ముందు ఉంచాలి. ఆ హామీని అడిగి తీసుకోవలసినది ఉద్దానం ప్రజలే.